రేసు చూడటానికి వెళ్లింది నలుగురం

2023 ఆగస్టు. అమెరికాలో, అట్లాంటా దగ్గరి అల్ఫారెట్టాలో ప్రణీత్, హారిక అనే దంపతుల ఇంట్లో నేను పనికి కుదిరి మూడు వారాలయింది. గర్భిణులనూ బాలింతలనూ చూసుకోవడం నా పని. తల్లికో అత్తగారికో సమయానికి వీసా దొరకని ఇళ్లవాళ్లు నన్ను పిలుస్తారు. కాన్పుకు ముందు రెండు నెలలు, తర్వాత రెండు నెలలు ఆ ఇంట్లోనే ఉంటాను. వంట, పథ్యం, ఒంటికి నూనె, పసిబిడ్డ స్నానం అన్నీ నావే. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఇంగ్లీషు వింటే అర్థమవుతుంది, మాట్లాడటమే తక్కువ. కానీ ఒకసారి చూసింది మరిచిపోను. ఇప్పటికి ముప్పై ఇళ్లు దాటాయి. ఏ ఇంట్లో ఏ పిల్లకు ఏ రోజు బొడ్డు ఊడిందో అడగండి, చెబుతాను. ఒక్క మధ్యాహ్నం తాలూకు రెండు గంటలు మాత్రం ఎవరడిగినా చెప్పలేను.

హారికకు అప్పుడు ఎనిమిదో నెల. అంతకుముందు ఏడాది ఐదో నెలలో కడుపు పోయింది. ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు గానీ, అమ్మాయి కొంచెం గట్టిగా దగ్గినా ప్రణీత్ లాప్‌టాప్ వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. ఈసారి ఆడపిల్ల అని స్కాన్‌లో తెలిసింది.

నెలలు నిండుతున్న తల్లి దగ్గర నేను రోజూ చేయించేది కిక్ కౌంట్. భోజనమయ్యాక ఎడమ పక్కకు పడుకోబెట్టి, బిడ్డ పదిసార్లు కదలడానికి ఎంతసేపు పట్టిందో చూసుకోవాలి. రెండు గంటలైనా పది రాకపోతే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. నేను ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి నిలువు గీతలు గీసేదాన్ని. మా వేళ మధ్యాహ్నం రెండు. హారిక కూతురు మంచి చురుకైనది, ఇరవై నిమిషాల్లో పది గీతలూ గీయించేసేది.

ఒక గురువారం ప్రణీత్ ఆఫీస్ నుంచి వస్తూనే అన్నాడు. "ఆంటీ, శనివారం రేస్‌కి పోతున్నం. మీరు గూడ రావాలె."

"గుర్రాలా నాయనా?"

"కార్లు ఆంటీ. గుండ్రంగ తిరుగుతయి."

హారిక సోఫాలోంచి అంది, "ప్రతి ఆదివారం టీవీలో చూస్తూనే ఉంటావుగా. అక్కడికెళ్లి కొత్తగా చూసేదేంటి?"

"టీవీల చీమలు పోయినట్టుంటది. అక్కడ కూసుంటె ఆ సౌండ్ ఛాతిల కొడ్తది. డెలివరీ అయినంక మనం మూడేండ్లు యాడికి పోతం చెప్పు."

"డాక్టరమ్మని అడిగారా?" అన్నాను.

"అడిగానాంటీ" అంది హారిక. "గంటన్నర కార్లో కూర్చోవచ్చా అని మెసేజ్ పెట్టా. కూర్చోవచ్చు, మధ్యలో ఒకసారి దిగి నడవమన్నారు."

నాకూ అది చాలనిపించింది. ముగ్గురికీ ప్రయాణం గురించే ఆలోచన. అక్కడికి వెళ్లి ఏం చేస్తామో డాక్టరమ్మకు ఎవరూ చెప్పలేదు.

అది అట్లాంటా దాటాక, చెట్ల మధ్య ఉన్న ఒక చిన్న ట్రాక్. రేకు బల్లలు మెట్లుమెట్లుగా ఉన్నాయి. కాలిన రబ్బరు, పెట్రోలు, వేయించిన ఉల్లిపాయల వాసన కలిసిపోయి వస్తోంది. ప్రణీత్ మూడు హెడ్‌సెట్లు అద్దెకు తెచ్చాడు. చెవుల మీద డిప్పల్లా కూర్చుంటాయి. బయటి చప్పుడు ఆపుతాయి, లోపల మాత్రం కారు నడిపేవాడూ అతని మనుషులూ రేడియోలో మాట్లాడుకునేది వినిపిస్తుంది. ప్రణీత్ ఒక పక్క, నేను మెట్ల పక్క, హారిక మా ఇద్దరి మధ్య.

ఇరవైకి పైగా కార్లు ఒక్కసారి కదిలేసరికి నా కాళ్ల కింద రేకు వణికింది. పళ్లు కూడా వణికాయి. చెవులు మూసుకున్నా ఆ చప్పుడు అరికాళ్ల నుంచి, కూర్చున్న బల్ల నుంచి పైకి పాకి కడుపులోకి వస్తుంది. హారిక ఉలిక్కిపడి పొట్ట పట్టుకుని, నా వైపు చూసి నవ్వింది. బిడ్డ గట్టిగా తన్నిందని చేత్తో చూపించింది. నేనూ నవ్వాను.

నిజం చెప్పాలి. నాకు ఆ రేసు చాలా నచ్చింది. అన్నిటికన్నా వెనక ఉన్న ఒక పసుపు రంగు కారును నాదిగా చేసుకున్నాను. దాని డ్రైవర్ గొంతు నా చెవిలో ఉంది. పైన ఎక్కడో కూర్చున్న మనిషి అతనికి పక్కన ఎవరున్నారో, ఎప్పుడు తప్పుకోవచ్చో చెబుతున్నాడు. "క్లియర్" అంటే దారి ఉందని నాకు పది చుట్లలో అర్థమైపోయింది. ఒంటిగంటకు పులిహోర డబ్బా తీసి హారికకు పెట్టాను. కళ్లు మాత్రం ట్రాక్ మీదే. నా పసుపు కారు ఒక్కొక్కరినీ దాటుకుంటూ ఏడో స్థానానికి వచ్చింది. రెండయింది. వాచీ చూశాను. ఈ నాలుగు చుట్లు కానీ అనుకున్నాను. నాలుగు కాస్తా ఎన్నయ్యాయో తెలియదు. నేను లేచి నిలబడి ఉన్నాను.

అప్పుడు ఎవరో వెనక నుంచి తగిలారు. పసుపు కారు అడ్డం తిరిగి, గోడకు కొట్టుకుని, గిరగిరా తిరుగుతూ లోపలి గట్టుకు ఆనుకుని ఆగిపోయింది. పొగ. మిగతా కార్లన్నీ వేగం తగ్గించేశాయి. నా చెవిలో ఆ పైనున్న మనిషి గొంతు, "మాట్లాడు. బాగున్నావా? మాట్లాడు" అని ఇంగ్లీషులో అడుగుతూనే ఉంది. జవాబు లేదు. మళ్లీ అడిగాడు. లేదు. టీవీలో అయితే ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతూ ఉంటారు. అక్కడ చెప్పేవాళ్లు లేరు. అన్ని వందల మందీ నోళ్లు మూసుకుని ఒక్క కిటికీ వైపు చూస్తున్నారు.

ముందు వరసలోని పెద్దాయన నా మొహం చూసి, తన హెడ్‌సెట్ ఎత్తి, "వల చూడమ్మా" అన్నట్టు చూపించాడు. కారు కిటికీకి ఒక వల కట్టి ఉంటుంది. డ్రైవర్ లోపల నుంచి దాన్ని దించితే నేను బాగానే ఉన్నాను అని గుర్తు. ఆ వల దిగలేదు. దిగలేదు. చూస్తూ ఉండగా దిగింది. జనమంతా చప్పట్లు. నేనూ కొట్టాను.

చప్పట్లు కొడుతూ పక్కకు తిరిగితే హారిక కొట్టడం లేదు. హెడ్‌సెట్ తీసేసి, రెండు చేతులూ పొట్ట అడుగున పెట్టుకుని నేలకేసి చూస్తోంది.

నా హెడ్‌సెట్ లాగేసి, "ఏం తల్లీ?" అన్నాను.

"ఆంటీ, ఇది కదలట్లేదు."

"ఎప్పటి నుంచి?"

"మొదట్లో ఒకసారి తన్నిందిగా. తర్వాత తెలీదు. అంతా అదురుతూనే ఉంది కదా, ఏది దీనిదో ఏది బల్లదో నాకు తెలియలేదు. మీకు చెప్దామంటే మీరు వినట్లేదు."

ఇంతలో కార్లు మళ్లీ వేగం అందుకున్నాయి. ఇక మాటలు వినపడవు. ప్రణీత్ ముందుకు వంగి చూస్తున్నాడు. చొక్కా పట్టి లాగాను. విసుగ్గా తిరిగినవాడు హారిక చేతులు ఎక్కడున్నాయో చూశాడు. అలాంటి మొహం నేను మళ్లీ ఎవరిదీ చూడకూడదు. ప్రతిదానికీ "ఏం గాదు" అనే అలవాటు అతనిది. అప్పుడు మాత్రం హెడ్‌సెట్ లాగి పడేసి లేచాడు.

చెరో పక్కన ఉండి ఆ రేకు మెట్లు దించాం. జనం తినుబండారాలతో ఎదురు వస్తున్నారు. నేను ఒక చేత్తో తోస్తూ, రెండో చేత్తో ఆమె పొట్టకు అడ్డం పెట్టుకుంటూ దిగాను. నా అరచేతికి గట్టిగా, నిశ్శబ్దంగా తగిలింది ఆ పొట్ట. ఇన్నేళ్లలో ఎన్ని పొట్టల మీదో చెయ్యి వేశాను. అంత నిశ్శబ్దం ఎరగను.

కింద ప్రథమ చికిత్స గదిలో ఒక నల్లజాతి ఆవిడ ఉంది. హారికను ఎడమ పక్కకు పడుకోబెట్టి, చల్లటి జ్యూస్ తాగించి, పొట్ట మీద స్టెతస్కోప్ పెట్టింది. కళ్లు మూసుకుని విన్నది. చోటు మార్చి విన్నది. గోడలు అదురుతూనే ఉన్నాయి.

"ఈ సౌండ్‌లో నాకేమీ వినపడటం లేదు" అంది ఇంగ్లీషులో. "ఆగడం మంచిది కాదు. అంబులెన్స్‌లో పంపిస్తాను."

అంబులెన్స్‌లో హారిక ఒక్కటే మాట అడిగింది. "పోయినసారి కూడా ఇట్లానే అయింది కదా, ప్రణీ?"

అతను ఆమె పాదాలు పట్టుకుని కూర్చున్నాడు.

ఆస్పత్రిలో పొట్టకు రెండు బెల్టులు కట్టారు. నాన్ స్ట్రెస్ టెస్ట్ అంటారు. ఒక బెల్టు బిడ్డ గుండె వింటుంది, రెండోది గర్భసంచి బిగుతు చూస్తుంది. నర్సు జెల్ రాసి వెతుకుతోంది. గరగర తప్ప ఏమీ లేదు. వెతుకుతూనే అడిగింది.

"ఆఖరిసారి ఎప్పుడు కదిలింది?"

"రేస్ స్టార్టింగ్‌లో."

"ఆ తర్వాత కదల్లేదా, మీరు గమనించలేదా?"

హారిక నా వైపు చూసింది. నర్సు కూడా చూసింది. అన్నీ గుర్తుండే మనిషిని కదా. పసుపు కారు ఎవరెవరిని ఎక్కడ దాటిందో చెప్పమంటే చెప్పగలను. బిడ్డ సంగతి ఏమీ లేదు నా దగ్గర. "తెలియదు" అన్నాను.

అప్పుడు దొరికింది గుండె చప్పుడు. దడదడదడ, ఎవరో తరుముతుంటే పరిగెత్తినట్టు వేగంగా. ఆ వేగమే ఉండాలి బిడ్డకు. ప్రణీత్ మిషన్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. పావుగంటకు బిడ్డ ఒకసారి కదిలింది, మిషన్ కాగితం మీద గీత లేచింది. ఆ గీత నేను గీసింది కాదు.

డాక్టర్ వచ్చి, బిడ్డ నిద్రపోయి ఉండవచ్చు, తల్లికి ఆ అదురులో తెలియకపోయి ఉండవచ్చు, చెప్పలేం అన్నాడు. వెళ్లేముందు నర్సు ప్రణీత్‌ను అడిగింది. "మీరు ముగ్గురూ హెడ్‌సెట్లు పెట్టుకున్నారా?"

"పెట్టుకున్నాం."

"నాలుగో ఆమెకు?"

తిట్టినట్టు కూడా అనలేదు. కానీ అక్కడి నుంచి రెండో భయం మొదలైంది. ఆ నెలకు లోపలి బిడ్డ వింటుందట. ఎంత విన్నదో, వినికిడి పోయిందేమో ఎవరూ చెప్పలేకపోయారు, పుట్టాకే తెలుస్తుందన్నారు. కాన్పయ్యేదాకా హారిక వంటింట్లో కావాలని గిన్నె జారవిడిచి, బిడ్డ ఉలిక్కిపడుతుందేమోనని పొట్ట మీద చెయ్యి వేసుకునేది. నేను చూడనట్టు ఉండేదాన్ని.

అక్టోబర్‌లో ఆడపిల్ల పుట్టింది. మర్నాడు వినికిడి పరీక్షకు మిషన్ తోసుకుంటూ వచ్చారు. బిడ్డ నిద్రలో ఉండాలి, గదిలో చప్పుడు ఉండకూడదు. నుదుటికి సన్నటి వైర్లు అంటించి, రెండు చెవులకూ బుల్లి డిప్పలు పెట్టారు. అచ్చం హెడ్‌సెట్. ప్రణీత్ అది చూసి మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఎడమ చెవి అయింది. కుడి చెవి చాలాసేపు పట్టింది. మిషన్ తెచ్చిన అమ్మాయి దాని తెర మా వైపు తిప్పింది. రెండు చెవులకూ పాస్.

ఆ పిల్లకు ఇప్పుడు మాటలు వచ్చాయి. ప్రణీత్ అప్పుడప్పుడు ఫోన్‌లో, "ఆంటీ, రేస్ నిజంగ మంచిగ అనిపియ్యలేదా మీకు?" అని అడుగుతాడు. బాగుంది నాయనా, అదే నా తప్పు అంటాను. భయం వేసే చోట నేను కళ్లు తెరుచుకునే ఉంటాను. సరదా వేసిన చోటే వదిలేశాను. ఇప్పుడు ఏ ఇంట్లో ఎక్కడికి బయలుదేరుతున్నా, ఎంత దూరం అని అడిగాక, అక్కడ చప్పుడెంత అని కూడా అడుగుతాను. రెండు కాగానే, ఎదుట ఏం జరుగుతున్నా సరే, వీపు తిప్పేసి తల్లి వైపు కూర్చుంటాను.