గట్టు మీది ఉమ్మెత్త

మా ఇంట్లో దయ్యం అనే మాట తిట్టడానికి తప్ప వాడం. నాకైతే ఆ తిట్టు కూడా నోటికి రాదు. నేను మందుమొక్కల మీద పరిశోధన చేసేదాన్ని. ఎవరికైనా దయ్యం పట్టిందంటే ముందు వాళ్ళ కనుపాప చూస్తాను. పాప బాగా పెద్దదై, నాలుక పిడచకట్టి, ఒళ్ళు కాలిపోతుంటే అది దయ్యం కాదు, ఉమ్మెత్త. కాబట్టి ఇప్పుడు చెప్పేది నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

మాది గార్లదిన్నె దగ్గర ఒక పల్లె. వేరుశనగ తప్ప వేరే దిక్కు లేదు. వాన మొహం చాటేస్తే అది కూడా లేదు. అన్నీ మాడిపోయిన ఏడు కూడా పచ్చగా నిలబడేది ఉమ్మెత్త ఒక్కటే. అందుకే దాన్ని ఎంచుకున్నాను. దాని ఆకులో, గింజలో అట్రోపిన్, స్కోపలమిన్ అనే విషాలుంటాయి. కొలత తెలిస్తే అవే మందులు. కరువులో ఆ కొలత ఎలా మారుతుందన్నది నా పరిశోధన. మా వంశంలో మొదటి డాక్టరేట్ నాది. చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. మా నాయన అయితే బస్సులో పక్క సీటువాళ్ళకు కూడా చెప్తాడు.

ఆ నాయనకూ, ఆయన చెల్లెలు లక్ష్మత్తకూ మాటల్లేవు. తాత పోయాక పొలం పంచుకున్నారు. మధ్యలో గట్టు ఎవరిదన్న దగ్గర తెగింది. అప్పటినుంచి చెరో వైపు సేద్యం చేస్తూ, మొహమొహాలు చూసుకోకుండానే ముసలివాళ్ళయ్యారు.

గట్టు మీద అత్త కొడవలి పెడితే నాయన ఊరుకోడు, నాయన పార పెడితే అత్త ఊరుకోదు. ఎవరూ శుభ్రం చేయక అక్కడ ఉమ్మెత్త నడుమెత్తు పెరిగింది. నా పరిశోధనకు మొక్కలన్నీ అక్కడివే. వాళ్ళ పంతం నన్ను డాక్టరును చేసిందని ఊరంతా ఎగతాళి చేసేది. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం ఒకటే దిగులు. ఇద్దరిలో ఒకరు పోయేలోపు ఒక్కసారైనా మాట్లాడుకుంటారా అని.

మొన్నటి ముంగారు తొలకరి వానలకు గట్టంతా లేత ఆకుకూర మొలిచింది. అమ్మ పోయినప్పటినుంచి నాయనే వండుకుంటాడు. కలగూరాకు పప్పు చేసుకుందామని గట్టెక్కాడు. అది చూసి అవతలి వైపు నుంచి అత్త కూడా వచ్చింది. గట్టు మాదంటే మాదని పోటీ పడి పిడికిళ్ళతో పెరికారు. చెంచలి, గురుగు, వాటి మధ్య ఉమ్మెత్త లేత మొలకలు, అన్నీ కలిసి ఒళ్ళో పడ్డాయి. ఉమ్మెత్త తెలియని మనుషులా వాళ్ళు?

పక్క పొలం ఓబులేసన్న తర్వాత నాతో అన్నాడు. "ఆకును చూస్తే కదమ్మా! ఇద్దురూ ఒకర్నొకరు గుడ్లురిమి చూసుకుంటా పెరికినారు."

నేను అనంతపురంలో ల్యాబులో ఉండగా పనినుంచి ఇంటికొచ్చిన తమ్ముడు శేఖర్ ఫోన్ చేశాడు. నాయన గోడతో మాట్లాడుతున్నాడట, గాలిలో ఏదో ఏరుతున్నాడట. కళ్ళు చూడమన్నాను. నల్లగా ఇంతింత ఉన్నాయన్నాడు. ఏం తిన్నాడో అడిగి, మిగిలిన ఆకు సంచిలో వేసుకుని అంబులెన్సులో అనంతపురం తెమ్మన్నాను. ఆసుపత్రిలో ఆ ఆకు చూపించి ఇది ఫలానా అని చెప్పాను. వెంటనే చికిత్స మొదలైంది. నేను చదివిన చదువు మా నాయన ప్రాణం నిలబెట్టింది. ఆ గర్వం నాకు చచ్చేదాకా ఉంటుంది.

అప్పుడే గుర్తొచ్చింది, గట్టుకు అవతల పెరికిన మనిషి. ఓబులేసన్నకు ఫోన్ చేసి అత్తను చూడమన్నాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని ఎవరితోనో వాదిస్తోందట. ఆమె ఇంట్లో ఒక్కతే, పిల్లలు బెంగళూరులో ఉంటారు. ఓబులేసన్నే గార్లదిన్నె ఆసుపత్రికి చేర్చాడు. నాయన దగ్గర శేఖర్‌ను ఉంచి నేను అక్కడికి పరిగెత్తాను. రెండు ఊళ్ళ మధ్య బస్సులో అరగంట పైనే పడుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి.

అత్తకు మందు ఎక్కుతోంది. మిట్టమధ్యాహ్నం. నాయన ఎలా ఉన్నాడో కనుక్కుందామని శేఖర్‌కు ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టలేదు, ఫోన్ చెవికే ఉంది. శేఖర్ గొంతు వెనక నాయన గొంతు వినిపించింది.

"లచ్చిమీ, మేక యాడికి పాయనే?"

నా ముందు మంచం మీద అత్త పైకప్పు చూస్తూ అంది. "కలబంద సందులో దూరినాదన్నా."

కాకతాళీయం అనుకున్నాను. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి మేకలు కాసినవాళ్ళే, ఇద్దరికీ అవే గుర్తొచ్చుంటాయి.

"కాళ్ళకు సెప్పుల్లేవు గదే నీకు. ముండ్లుంటాయి. నావి ఏసుకో."

అత్త మంచం మీంచి కాళ్ళు దించింది. లేని చెప్పుల్లో ఒక పాదం దూర్చి, తర్వాత రెండోది దూర్చింది. "పెద్దవైనాయన్నా."

"ఐతే ఏం? ఈడ్చుకుంటా నడు."

అత్త నవ్వింది. ఆమె నవ్వు నేనెన్నడూ వినలేదు. కాకతాళీయం అన్న మాట ఇక నిలవలేదు.

అయినా పరీక్ష చేయకుండా దేన్నీ ఒప్పుకోని బుద్ధి నాది. ఫోన్ చెవికి అదిమిపెట్టి, గది దాటి, ఆసుపత్రి గేటు దాకా నడిచాను. రోడ్డు మీద లారీల రొద, ఫోన్లో మాట అత్తకు వినిపించే వీల్లేదు. శేఖర్ ఆశ్చర్యంగా చెప్తున్నాడు. "అక్కా, నాయన ఎవురితోనో మాట్లాడతాండాడు. కాళ్ళకేమీ లేకున్నా చెప్పులిడిసి పక్కకు నూకినట్ల చేసినాడు." అత్త చేసింది నేనింకా అతనికి చెప్పనేలేదు. వెనక నుంచి నాయన గొంతు మళ్ళీ వినిపించింది. "ఏడవాకు లే. మేకను నేను తోలకొస్తా."

అంతలో నర్సమ్మ గేటు దాకా వచ్చింది. "మేడం, మీ అత్త ఉన్నట్టుండి ఏడుస్తాండాది, వస్తారా?"

ఉమ్మెత్త ఎక్కితే లేని మనుషులు కనిపిస్తారు, వాళ్ళతో మాట్లాడతారు. తేరుకున్నాక ఏదీ గుర్తుండదు. ఇదంతా నేను పాఠం చెప్పగలను. కానీ ఎవరి భ్రమ వాళ్ళది. ఒకరి భ్రమలో అడిగినదానికి ఇంకొకరి భ్రమలో జవాబు రావడం ఏ పుస్తకంలోనూ లేదు.

ఇద్దరూ కోలుకున్నారు. ఏమైనా గుర్తుందా అని అడిగితే నాయన "ఏముండాది, నిద్రపోయినా" అన్నాడు. అత్త తల అడ్డంగా ఊపింది. నేనూ శేఖర్ మాట్లాడుకుని, వాళ్ళకు ఏమీ చెప్పకూడదనుకున్నాం. చెప్తే నాయన ఇంకా బిగుసుకుపోతాడు.

ఇద్దరికీ ఒంట్లో సత్తువ వచ్చాక ఒక పొద్దున, ఈ రోజు గట్టు శుభ్రం చేసి తీరాలని నేనే పట్టుబట్టి కూర్చున్నాను. ఒకరు చేస్తే గట్టు వాళ్ళదైపోతుందని ఇద్దరూ వచ్చారు. ఇటు నాయన, అటు అత్త, నాయన వెనక నేనూ శేఖర్. ఒక్క మాట లేదు. ఉమ్మెత్త కాయకు ఒళ్ళంతా ముళ్ళే. ఎండినవి నేలంతా రాలి ఉన్నాయి. అత్త చెప్పుకు బొటనవేలి ఉంగటం తెగింది. ఆమె దాన్ని విసిరికొట్టి వట్టి కాళ్ళతోనే పని సాగించింది.

నాయన తల ఎత్తలేదు. తన చెప్పులు విడిచి, కాలితో గట్టు అవతలికి నూకాడు. అత్త వాటిని కొంచెంసేపు చూసింది. తర్వాత ఒక్కో పాదమే దూర్చింది.

"పెద్దవైనాయన్నా."

"ఐతే ఏం? ఈడ్చుకుంటా నడు."

శేఖర్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నేను ఏడ్చేశాను. మా అత్త నాయన చెప్పులు ఈడ్చుకుంటూ, ఎన్నో ఏళ్ళ తర్వాత గట్టు దాటి మా వైపు వచ్చింది. ఆ మొండి మనుషులు నావాళ్ళని నాకెంత గర్వమో చెప్పలేను.

ఇప్పుడు రోజూ మాట్లాడుకుంటారు. ముందు పలకరించింది ఎవరన్న దగ్గర మాత్రం మళ్ళీ తగువే. నోరు తెరిచింది ఆమేనని నాయన, చెప్పులు నూకింది ఆయనేనని అత్త. అడిగితే నేను నవ్వి ఊరుకుంటాను. ముందు పలకరించింది నాయనే. కాకపోతే అప్పుడు ఆయన అనంతపురంలో ఉన్నాడు, ఆమె గార్లదిన్నెలో ఉంది. ఆమెకు ఎలా వినిపించిందో నాకిప్పటికీ తెలియదు.