రాహుకాలంలో చెక్కిన తలుపు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు ఎంత పనైనా మోస్తుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు కంటే ముందు ఆవలింత వస్తుంది. బాపట్లలో డిప్లొమా పూర్తిచేసి తెనాలి తిరిగొచ్చి, వసారాలో చెక్క మీద బొమ్మలు చెక్కే యంత్రం ఒకటి సొంతంగా బిగించుకున్నాను. పాత ఇనుప సామాన్ల కొట్లో దొరికిన పట్టాలు, ఎక్కడెక్కడి నుంచో తెప్పించిన మోటార్లు, వాటిని నడిపించడానికి ఇంట్లోని ఆ పాత కంప్యూటరు. మోటారు సంగతి చిన్నదే. ఒక సిగ్నల్ అందితే ఒక చిన్న అడుగు వేస్తుంది, ఇంకోటి అందితే ఇంకో అడుగు. ఆ సిగ్నళ్ళను తడబడకుండా వరసగా పంపడానికి విడిగా ఒక బోర్డు దొరుకుతుంది. అది కొనడం నాకు నామోషీ. "కంప్యూటరుని సరిగ్గా సర్దుకోవడం చేతకానివాళ్ళకే ఆ బోర్డులు" అని ఇంటర్నెట్‌లో ముక్కూమొహం తెలియనివాళ్ళతో పొద్దస్తమానం వాదించేవాణ్ణి (వాళ్ళలో ఒక్కరూ ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు).

చిక్కల్లా ఏమిటంటే, ఆ కంప్యూటరు మా నాన్నది. ఆయన పౌరోహిత్యం చేస్తారు. జాతకాలు, ముహూర్తాలు అన్నీ అందులోని పంచాంగం ప్రోగ్రాములోనే చూస్తారు. నేను ఇల్లంతా చెక్క పొట్టుతో నింపడం చూసి చూసి ఒకరోజు తేల్చి చెప్పేశారు.

"బాపట్లలో ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు ఉద్యోగం ఉందిట. మాట్లాడాను. ఈ తలుపు బాగా వచ్చిందా, సరే. లేకపోతే సోమవారం వెళ్ళి చేరిపో."

ఈ తలుపంటే రేపల్లె మిల్లుగారి తలుపు. ఆయన మా నాన్నకు తెలిసిన రైసుమిల్లు యజమాని. కొత్త ఇంటి సింహద్వారానికి రెండు హంసలు, మధ్యలో కలశం చెక్కమని టేకు తలుపు పంపారు. నాకు వచ్చిన మొదటి పెద్ద పని అదే. బాపట్ల వెళ్ళి ఇంకొకరి యంత్రాలు తుడుచుకుంటూ బతకడం నాకు బొత్తిగా ఇష్టం లేదు.

నాన్న పెట్టిన ముహూర్తానికే యంత్రం మొదలుపెట్టాను. మొదటి హంస, కలశం తీర్చిదిద్దినట్టు వచ్చాయి. అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి "ఫర్వాలేదే" అంది (మా అమ్మ నోట అదే పెద్ద మెప్పు). అన్నానికి రమ్మంటే వెళ్ళాను. రెండు ముద్దలు తిన్నానో లేదో, వసారాలో మోటారు గుర్రుమని మూలిగింది. పరిగెత్తి చూస్తే నాన్న కంప్యూటరు ముందు కూర్చుని, ఫోను చెవికి ఆనించుకుని పంచాంగం తిప్పుతున్నారు.

"దశమి బాగుందండి. గురువారం కూడా కలిసొచ్చింది" అంటున్నారు.

కంప్యూటరు తిథుల లెక్కల్లో పడి సిగ్నళ్ళ దగ్గర తడబడింది. మోటారు కొన్ని అడుగులు తప్పింది. తప్పానని దానికి తెలియదు, చెప్పేవాళ్ళూ లేరు. ఉన్నదే సరైన చోటనుకుని పని సాగించేసింది. మెడ దాకా బాగానే ఉన్న రెండో హంస, అక్కడి నుంచి బొటనవేలంత పక్కకు జరిగిపోయింది.

"ఎవరు నాన్నా ఫోను?"

"మిల్లుగారేరా. గృహప్రవేశానికి ముహూర్తం అడుగుతున్నారు."

అరవడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది. ఏడుపు మాత్రం వచ్చింది. నాన్న ఫోను పెట్టేసి వచ్చి, హంస మీది పొట్టు ఊది చూశారు.

మర్నాడు మిల్లుగారికి ఉన్నదున్నట్టు చూపిద్దామని తలుపును పాత దుప్పట్లో చుట్టి రేపల్లె ప్యాసింజరు ఎక్కించాం. "మంచమా పంతులుగారూ?" అని ఎవరో అడిగితే నాన్న "తలుపండి" అని కిటికీ వైపు తిరిగిపోయారు. దారి పొడుగునా తిడతారని కాచుకుని కూర్చున్నాను. వేమూరు దాటాక మెల్లిగా అడిగారు.

"అయితే నేను పంచాంగం తెరవడం వల్లేనా?"

"అవును నాన్నా. అది ఒకేసారి రెండు పనులు చూసుకోలేదు."

"ఒక్క పురోహితుణ్ణి పట్టుకుని ఒకే ముహూర్తానికి రెండు పందిళ్ళలో పెళ్ళి చేయించమన్నట్టుందిరా ఇది" అన్నారు. నేను నెలల తరబడి ఒప్పుకోని సంగతి ఆయన రెండు స్టేషన్ల మధ్య తేల్చేశారు.

మిల్లు దగ్గర దుప్పటి విప్పాక, నేను నోరు తెరిచేలోపే నాన్న ముందుకొచ్చారు. "తప్పు నాదండి. యంత్రం నడుస్తుండగా పంచాంగం తెరిచాను. మావాడి పనిలో వంక లేదు." ఆయన ఎవరి ముందైనా అలా తగ్గి మాట్లాడడం నేను అంతకుముందు చూడలేదు.

మిల్లుగారు హంస మెడ మీద వేలితో రాసి చూశారు. "తెరవమని అడిగింది నేనే కదండీ" అన్నారు. తలుపును తిరగేయించారు. "ఈ పక్క ఖాళీగానే ఉందిగా. ఇటు చెక్కు అబ్బాయ్. ఆ హంస ఇంట్లోవైపు ఉంటుంది, మేం చూసుకుంటాంలే."

రెండోసారి చెక్కిన రోజున నాన్న కంప్యూటరు పక్కనే కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎవరు ఫోను చేసినా ఒకటే మాట. "ఇప్పుడు రాహుకాలమండి. తర్వాత చేయండి." పొద్దున్న పట్టిన రాహుకాలం దీపాలు పెట్టే వేళ దాకా తెనాలిని వదల్లేదు. "ఇవాళ ఏంటండీ, రోజంతా రాహుకాలమే?" అని అమ్మ అడిగితే, "నువ్వు మిక్సీ వేయకు" అన్నారు. హంసలు రెండూ తిన్నగా వచ్చాయి. నేను బాపట్ల వెళ్ళలేదు.

ఆ తర్వాత నోరు మూసుకుని బోర్డు కొన్నాను. ఇప్పుడు ఏం చెక్కాలో కంప్యూటరు చెబుతుంది, అడుగుల సంగతి బోర్డు చూసుకుంటుంది. ఎవరు ఏ పంచాంగం తెరిచినా యంత్రం తొణకదు. అలిసిపోతున్నది నేనే. చెక్క కొట్టువాళ్ళు, తలుపులవాళ్ళు, ప్రాజెక్టులంటూ కాలేజీ పిల్లలు, అందరి ఫోన్లూ నాకే. డిజైను గీస్తూ మధ్యలో లేచి వెళ్ళి, తిరిగొచ్చి ఎక్కడ ఆపానో తెలియక స్క్రీను చూస్తూ కూర్చుంటున్నాను.

మొన్న మధ్యాహ్నం అన్నం తిని చాప మీద అలా ఒరిగానో లేదో, ఫోను మోగింది. లేవడానికి ఒళ్ళు సహకరించలేదు. నాన్న వచ్చి ఫోను తీశారు. ఒకసారి నా వంక చూసి, గొంతు తగ్గించి, "ఇప్పుడు రాహుకాలం నడుస్తోందండి. సాయంత్రం చేయండి" అన్నారు. కళ్ళు మూసుకునే నవ్వుకున్నాను. బోర్డెందుకు, కంప్యూటరు చాలదా అని ఊరూపేరూ తెలియనివాళ్ళతో వాదించిన ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. వాడి పంతం నెగ్గించడానికి ఊరంతటికీ రాహుకాలం పట్టించిన మనిషి ఇంకా పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆ పూట సాయంత్రం దాకా నిద్రపోయాను.