పంటి మందు, పద్నాలుగు రోజులు

శ్రావణమాసం మొదటి మంగళవారం, సాయంత్రం నాలుగుంపావుకు మొదలైంది నా తెలివితక్కువతనం. అప్పట్లో కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఆడవాళ్లకు మొగుడు ఇంట్లో ఉండే రోజులు నోటి లెక్కగా తెలిసేవి. మా ఆయన గూడ్సు బండి గార్డు. నెలకు పన్నెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. నాకు ఇరవై మూడేళ్లు, పెళ్లయి పదకొండు నెలలు, టీచరు ట్రైనింగులో చేరి ఐదు నెలలు. ట్రైనింగు అయ్యేదాకా పిల్లలు వద్దని ఇద్దరం అనుకున్నాం. అందుకని రోజూ పొద్దున ఏడింటికి గర్భం రాకుండా గోలీ వేసుకునేదాన్ని. (ఒక్క రోజూ తప్పలేదు. ఏడూ ఐదు కూడా కానివ్వలేదు.)

ఆ మంగళవారం దవడ పన్ను వాస్తే పళ్ల డాక్టరు ఐదు రోజులకు యాంటీబయాటిక్ రాశాడు. దవాఖాన నుంచి వచ్చేసరికి గేటు దగ్గర పక్కింటావిడ నిలబడి ఉంది. భర్త ఇంజను డ్రైవరు కాబట్టి ఆమె మా అందరికీ ఇంజనక్క. మందులు చేతిలోకి తీసుకుని, "గివి మింగితే ఆ గోలీ పని జెయ్యది చెల్లె. మా ఆడిబిడ్డకు గట్లనే కవలలు పుట్టిన్రు" అంది. ఎన్ని రోజులు జాగ్రత్త పడాలని అడిగాను. "మందు మింగిన దినాలు, మీదికెళ్లి ఇంకో వారం. ఫికర్ జెయ్యకు, మీ ఆయన ఇంట్ల ఉండేదే తక్వ గదా" అంది. (డాక్టరునే అడగొచ్చుగా అంటారు. ఆయన మా మామగారి స్నేహితుడు.)

ఐదూ ఏడూ పన్నెండు. నా తృప్తికి ఇంకో రెండు కలిపి పద్నాలుగు చేశాను. చిక్కేమిటంటే, ఏడు నెలలుగా అడుగుతుంటే దొరికిన ఆయన ఆరు రోజుల సెలవు ఆ గురువారమే మొదలు. పెళ్లయ్యాక మొదటి సెలవు. కడుపు పండితే ట్రైనింగు పోతుంది, ఆయన పక్కన కూర్చుంటే నా గట్టితనం పోతుంది. కారణం చెప్పడానికి సిగ్గు. బుధవారం పొద్దున డ్యూటీ దిగి వచ్చిన మనిషికి బట్టల సంచి అందించాను.

"ఏమైందే? నేనేం జేసిన?"

"ఏం జెయ్యలే. పద్నాలుగు దినాలు ములుగుల మీ అక్క దగ్గరన్న ఉండుండ్రి, బండి మీదన్న ఉండుండ్రి."

"పద్నాలుగా? కోపానికి గూడ లెక్కుంటదా?"

"ఉంటది."

వెళ్లారు. ఆ ఆరు రోజులు ఒక్కదాన్నే వండుకుని, ఒకవైపు దవడతో నములుతూ, ఏ బండి కూత వినబడినా కిటికీ దగ్గరికి వెళ్లాను. తొమ్మిదో రోజు ఆయన జిలేబీ పొట్లంతో గేటు బయటే నిలబడి, "సిగ్నల్ ఇంక ఎర్రగనే ఉన్నదా?" అన్నారు. ఇంకా ఐదు రోజులన్నాను. పొట్లం గేటు మీద పెట్టి వెళ్లిపోయారు.

పదిహేనో రోజు అసలు సంగతి చెప్పాను. నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడ్డారు. నవ్వు ఆగాక మెల్లగా, "ముందే జెప్తే పక్కకు ఊకెనే కూసుందును గదనే. కూసోనీకి గూడ మందు అడ్డమా?" అన్నారు. అది నాకు తట్టనే లేదు.

మొన్న శుక్రవారం, పదకొండున్నరకు, కింది వాటాలో అద్దెకుండే నర్సమ్మాయికి ఈ కథ చెప్పాను. ఆ పిల్ల కడుపుబ్బా నవ్వింది. "పంటికిచ్చే మందులతోని ఏం గాదు అమ్మమ్మా. టీబీకిచ్చే రిఫాంపిసిన్ అసుంటి ఒకటి రెండిటితోనే గోలీ బలం తగ్గుతది. మస్తు వాంతులు, విరేచనాలైతే వేరే ముచ్చట. నీకేమన్న అయినయా?" అని అడిగింది. ఏమీ కాలేదు.

ఈ మాట చెబితే నాకంటే ఎక్కువ నవ్వే మనిషి పోయి ఆరేళ్ల నాలుగు నెలలు. అందుకని నేనే కాసేపు నవ్వుకుని, సంచి చేతికిచ్చి గడపలో బిగుసుకుని నిలబడ్డ ఆ ఇరవై మూడేళ్ల పిల్ల తరఫున లెక్క సరిచూశాను. పద్నాలుగులో ఐదు ఎలాగూ డ్యూటీ రోజులు, వాటిని కలపకూడదు. పోయినవి సెలవు రోజులు ఆరు, మామూలుగా ఇంట్లో ఉండాల్సినవి మూడు. మొత్తం తొమ్మిది.