జడపిన్నులు పెట్టుకున్న మగ్గం

నా కొత్త ఉద్యోగాన్నీ, మా అత్త ఇరవై ఏళ్ల పరువునీ కలిపి నాలుగు జడపిన్నులతో ఒక్క రోజులో ఎలా ముంచబోయానో చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. ఖరగ్‌పూర్‌లో నవ్వనివాళ్లు ఎలాగూ మిగల్లేదు.

నిమ్‌పురా దగ్గర తువ్వాళ్లు నేసే మరమగ్గాల షెడ్డులో మా మేనత్త నరసమ్మ పాత ఆపరేటరు. "ఈ గుంట తప్పు సేస్తే నన్నూ తీసెయ్యండి" అని, మేమంతా దాదా అని పిలిచే బెంగాలీ సూపర్‌వైజర్‌కి మాటిచ్చి నన్ను చేర్పించింది. వారం రోజుల పరీక్ష. ఆఖరి రోజు నేసిన బట్ట చూసి, నన్ను ఉంచాలో పంపాలో దాదా తేలుస్తాడు.

మరమగ్గంలో ప్రతి నిలువు పోగుకీ ఒక సన్నని ఇనుప రేకు వేలాడుతుంది. పోగు తెగితే రేకు కింద పడుతుంది, మగ్గం ఆగుతుంది. మనం ముడేసి మళ్లీ నడపాలి. చక్కటి ఏర్పాటే. కానీ నేను రైల్వే గార్డు కూతుర్ని! దారిలో ఊరికే బండి ఆగిందంటే మా నాన్నకి ఆ పూట అన్నం సయించదు. "ఎవడో సైను లాగీసినాడు" అని తిట్టుకుంటూనే ఉంటాడు.

ఆఖరి రోజు పొద్దున్నే నా మగ్గం నాలుగుసార్లు ఆగింది, అదీ ఒకే చోట పోగులు తెగి. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ రేకులే చైను లాగుతున్నాయని తీర్పు చెప్పేశాను. తలలోని నాలుగు పిన్నులూ తీసి, అక్కడి రేకుల్ని గుత్తిగా బిగించాను. ఇక పడమనండి చూద్దాం!

తర్వాత మగ్గం ఆగితే ఒట్టు.

"అత్తా, నీది పాసింజరు! పెతీ స్టేషన్లో ఆగుతంది. నాది ఎక్స్‌ప్రెస్సు!" అని ఆ మోతలోనే అరిచాను.

"ఏటే, ఒక్కపాలైనా ఆగనేదా?" అత్తకి అనుమానం.

"నేదు! నా సెయ్యి తిరిగిపోయినాది."

సాయంత్రం దాదా బట్టని కిటికీ వెలుగుకి పట్టాడు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా పక్కపక్కనే రెండు సన్నని ఖాళీ గీతలు, వాటిలోంచి ఎండ. తెగిన రెండు పోగుల్నీ అక్కడే వదిలేసి నా ఎక్స్‌ప్రెస్సు పొద్దంతా పరిగెత్తిందన్నమాట.

దాదా మగ్గం వెనక్కి వెళ్లి వంగి చూశాడు. మాతో పనిచేసి నేర్చుకున్న తెలుగులో అడిగాడు. "ఆరే బాబా! మగ్గంకి జడ ఎవరు ఏసింది?"

పిన్నులకి నీలం పూసలున్నాయి. అవి అత్తవి. పొద్దున్న జడ వేసి నా తలకి తనే పెట్టింది.

"నరసమ్మ దీదీ, ఇవి నీవే కదా?"

అత్త నావైపు ఒక్కసారి చూసింది. "నావే దాదా. నానే ఎట్టినాను."

"కాదు దాదా, నానే! మగ్గం ఆగిపోతందని ఎట్టీసినాను. అత్తకేటీ తెల్దు!" అని భోరుమన్నాను.

దాదా మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "తప్పు ఒకటి, దొంగలు ఇద్దరు! ఠీక్ హై, ఉండు. రేపటి నుంచి దీదీ పక్క మగ్గం నీది. ఈ బట్ట మాత్రం మీ ఇంటికి తీసుకుపో. నా కంటికి కనపడకూడదు."

అలా మా రైల్వే క్వార్టర్ల వరసంతా కొత్త తువ్వాళ్లు పంచాం. మా నాన్న మొహం తుడుచుకుని, తువ్వాలు వెలుగుకి ఎత్తి చూసి, గార్డు గొంతుతో అడిగాడు.

"లైను బాగానే ఏసినావే అమ్మీ. మరి ఒక్క స్టేషనూ ఎట్టనేదేటే?"

కాబట్టి, చదివే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పరిగెత్తి పాలు తాగడం కంటే నిలబడి పోగు ముడేయడం మేలు. మగ్గం వందసార్లు ఆగినా నోరెత్తను. బతికున్నంతకాలం జడకి రబ్బరుబ్యాండే.

అత్త మాత్రం ఈ ప్రమాణాన్ని నమ్మలేదు. ఇప్పటికీ షెడ్డు గుమ్మంలో నా తల తడిమి చూశాకే లోపలికి వదులుతుంది.