పల్లీల అంపైర్

ఆ రోజుల్లో సంగారెడ్డిలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు పది పన్నెండు మంది ఉండేవాళ్ళు. వాళ్ళెవరూ పెద్దగా మాట్లాడేవాళ్ళు కాదు. రానివాళ్ళలో ఆపకుండా మాట్లాడేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆరో తరగతిలో నేను బడి మానేశానని మా నాయన అందరికీ చెప్పుకునేవాడు. నిజానికి బడే నన్ను మానేసింది, పంతులు మర్యాద కొద్దీ ఆ సంగతి బయటపెట్టలేదు. బడి వదిలేనాటికి నాకు వచ్చిన ఇంగ్లీషు మాటలు తొమ్మిది. (తర్వాత క్రికెట్టు పుణ్యమా అని పందొమ్మిదయ్యాయి.) ఆ పందొమ్మిది మాటల పెట్టుబడితో నేను మూడేళ్ళపాటు రేడియోలో వచ్చే టెస్ట్ మ్యాచ్‌లను ఊరందరికీ తెలుగులో చెప్పాను. చెప్పి ఊరుకోలేదు, బొంబాయిలోనూ కలకత్తాలోనూ ఎండలో నిలబడ్డ అంపైర్లందరికీ ఇక్కణ్ణుంచే బుద్ధి కూడా చెప్పాను.

బస్టాండు పక్కన చాచా హోటల్ ఉండేది. చాచా వరసకు ఎవరికీ బాబాయి కాదు, ఊరందరికీ చాచాయే. దాని పక్కనే నేను పనిచేసే సైకిళ్ళ దుకాణం. ఆట ఉన్న రోజు చాచా రేడియోను తెచ్చి కిటికీలో పెట్టేవాడు. చాయ్ తాగేవాళ్ళు లోపల, తాగనివాళ్ళు బయట, గాలి కొట్టే పంపు చేత్తో పట్టుకుని నేను గుమ్మంలో. రేడియోలో మాట్లాడే ఆయన గొంతు పెరిగితే ఏదో జరిగిందని అర్థం. చప్పట్లు ఎక్కువసేపు వినబడితే నాలుగు పరుగులు, ఆ తర్వాత కొత్త పేరు వినబడితే ఔట్. మిగతాదంతా నా సొంత కవిత్వం. ఇందులో ఒక ఇబ్బంది ఉండేది. మనవాడు ఔటయ్యాడని చెప్పగానే అందరి ముఖాలూ వాడిపోయేవి, నావైపు నేనే ఔట్ చేసినట్టు చూసేవాళ్ళు. ఆ చూపు నామీదినుంచి మళ్ళించడానికి నాకు అంపైర్ దొరికాడు.

"ఔట్ గాలేదు, అంపైరే ఇచ్చిండు," అనేవాణ్ణి. "ఆయన కండ్లు ఇంట్ల గూట్ల పెట్టి మరిచొచ్చిండు. బువ్వ యాళ్లయిందని జల్దీ జల్దీ వేలు లేపుతున్నడు."

అంతే, హోటలంతా నవ్వేది. ఓడిపోతున్నామన్న బాధ ఆ నవ్వులో కొట్టుకుపోయేది. మర్నాడు పట్నం నుంచి బస్సులో వచ్చిన ఉర్దూ పత్రికను చాచా గట్టిగా చదివేవాడు. అందులో పెద్దపెద్దవాళ్ళు, పాత ఆటగాళ్ళు కూడా అంపైర్లను దుమ్మెత్తిపోసేవాళ్ళు. అంపైర్ మనకు అన్యాయం చేశాడని మనవాళ్ళు రాస్తే, ఆడడానికి వచ్చిన దేశంవాళ్ళు తమకు అన్యాయం చేశాడని రాసేవాళ్ళు. "సూసిన్రా, దొరలు గూడ నా మాటే అంటున్నరు," అని నేను కాలరెగరేసేవాణ్ణి. రెండు వైపులవాళ్ళూ ఒకే మనిషిని తిట్టారంటే ఆయన పని సరిగ్గానే చేసి ఉంటాడని తోచే వయసు కాదది. పైగా వందల మైళ్ళ దూరంలో ఉన్నవాణ్ణి తిట్టడంలో ఒక సుఖముంది. అతనికి వినబడదు, మనకు అతని ముఖం కనబడదు.

వినబడే మనిషి ఒకాయన అక్కడే ఉన్నాడని నాకు తట్టలేదు. హోటల్లో గోడవారన ఉన్న కుర్చీ సుబేదార్ సాబ్‌ది. నిజాం ఫౌజులో పనిచేసి, ఆ ఫౌజు లేకుండా పోయాక, కచేరీ వరండాలో చిన్న బల్ల వేసుకుని అర్జీలు రాసేవాడు. వారం పొడుగునా ఆయన్ను ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. ఆదివారం మాత్రం ఆయన తెల్లకోటు వేసుకుని మైదానంలో నిలబడితే ఊరు ఊరంతా ఆయన వేలు వైపే చూసేది. రెండు వైపులా ఆయనే అంపైర్. ఓవర్ కాగానే ఇటునుంచి అటు ఫౌజు నడకతో నడిచేవాడు. కుడిచేతిలో ఆరు చింతగింజలు, బంతి పడ్డప్పుడల్లా ఒకటి ఎడమచేతిలోకి. "ఔట్ అంటే ఔట్, బేటా," అంటే దానికి తిరుగు లేదు. ఆ మనిషికి మిగిలిన హోదా అదొక్కటే. అదీ వారానికొక పూట.

ఒక ఆదివారం బంతి కాళ్ళకు తగిలిందని మా కెప్టెన్ దర్జీ అన్నకు సుబేదార్ సాబ్ ఔట్ ఇచ్చాడు. (ఊళ్ళో తెల్లప్యాంటు కుట్టుకోగలిగినవాడు దర్జీ అన్న ఒక్కడే కాబట్టి అతన్ని కెప్టెన్ని చేశాం.) దర్జీ అన్న ఎప్పుడూ ఎదురు చెప్పేవాడు కాదు. ఆ రోజు బ్యాట్ చంకలో పెట్టుకుని, జనం వైపు తిరిగి, "సాబ్ ఇయ్యాల కండ్లు గూట్ల పెట్టి మరిచొచ్చిండు," అన్నాడు.

జనం విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. నా మాట మైదానం దాకా వచ్చిందని నా ఛాతీ కొంచెం ఉబ్బింది కూడా. సుబేదార్ సాబ్ కోటు విప్పి, మడత పెట్టి, వికెట్ల పక్కన పెట్టాడు. కోటు టీముది, చింతగింజలు ఆయనవి. గింజలు జేబులో వేసుకుని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆయన హోటల్‌కు రాలేదు, మర్నాడూ రాలేదు. ఆ కుర్చీలో ఎవరో కూర్చోబోతే చాచా వద్దన్నాడు. నేను యథాప్రకారం ఏదో వెటకారం చేయబోతే చాచా నా చేతిలోని పంపు వైపు చూశాడు. "గాలి సైకిల్‌కు కొట్టు బేటా, జనానికి కొట్టకు," అన్నాడు. అప్పటిదాకా నేను కొట్టిన గాలి ఎక్కడెక్కడికి పోయిందో ఆ మాటతో లెక్కకొచ్చింది.

తర్వాతి ఆదివారం పటాన్‌చెరుతో ఆట. రెండు ఊళ్ళకూ కలిపి ఉన్న సామాను ఒకటే: రెండు బ్యాట్లు, మూడు ప్యాడ్లు, తోలు బంతి. గెలిచిన ఊరు మళ్ళీ ఆడేదాకా సామాను దగ్గర పెట్టుకోవడం మా కట్టుబాటు. అప్పుడది మా దగ్గరుంది. ఇప్పుడు పొగగొట్టాలున్న చోటంతా అప్పుడు జొన్నచేలే, ఆ చేల మధ్య బాటలో పటాన్‌చెరువాళ్ళు రెండు బండ్లలో వచ్చారు. ముత్తంగి నుంచి ఇద్దరు, లక్డారం నుంచి ఒక బౌలర్ కూడా ఉన్నారు. వాళ్ళ కెప్టెన్‌ను పటేల్ అనేవాళ్ళం. దిగగానే అడిగాడు.

"సాబ్ ఏడి?"

"వస్తలేడు," అన్నాడు దర్జీ అన్న నేలచూపులు చూస్తూ.

"ఆయన లేకుంటే మేం ఆడం. మీ ఊరి మైదానంల మీ ఊరోడు అంపైర్ అంటే గాయనొక్కడి మీదనే మాకు నమ్మకం."

దర్జీ అన్న ఇంటికి మనిషిని పంపాడు. సాబ్ రానన్నాడు. ఎండ ఎక్కుతోంది, బండ్లు వెనక్కి తిరిగేలా ఉన్నాయి. దర్జీ అన్న చుట్టూ చూసి నన్ను పట్టుకున్నాడు. "అందరు అంపైర్ల తప్పులు పట్టేటోడు గీడున్నడు గదా. వీనికన్న తెలిసినోడెవడు?" అందులో సగం ఎత్తిపొడుపు ఉందని నాకు తెలుసు. పటేల్ నన్ను పైనుంచి కిందికి చూసి, ఇంత దూరం వచ్చాం గదా అన్నట్టు సరేనన్నాడు. కోటు నా మోకాళ్ళ కిందికి వచ్చింది. చింతగింజలు లేవు, అందుకని హోటల్‌కు పరుగెత్తి ఉప్పుపల్లీలు జేబునిండా పోసుకొచ్చాను. బంతి పడ్డప్పుడల్లా జేబులోంచి ఒక పల్లీ తీసి ఎడమచేతిలో పట్టుకోవాలి, చేతిలో ఆరు అయితే ఓవర్ అయినట్టు. లెక్క బాగానే ఉంది. లెక్కపెట్టే వస్తువు తినేదని అప్పుడు తోచలేదు.

ఆట మొదలైన మూడో బంతికే బౌలర్ నా వైపు తిరిగి ఔటివ్వమని అరిచాడు. రేడియోలో ఆ అరుపు దూరంగా ఒక గరగర, అంతే. మైదానంలో దానికి ఒక ముఖముంది, ముఖం నిండా చెమట ఉంది, ఆ చెమట వెనక రెండు ఊళ్ళ జనం ఉన్నారు. నేను బౌలర్ కాలు గీత దాటిందేమోనని చూస్తున్నాను, బంతి ఎటు పోయిందో నాకు తెలియదు. ఔట్ కాదన్నాను. మనసులో ఏదో గిల్లింది. తర్వాతి అరుపుకు, మొదటివాడికి అన్యాయం చేశానేమోనని, ఔటిచ్చాను. దాంతో ఇద్దరికీ అన్యాయం చేశానేమోనని మధ్యాహ్నం వరకు నలిగాను. చెట్టు నీడన ఒక సైకిల్ ఆగి ఉండడం అప్పుడే చూశాను. సుబేదార్ సాబ్ వచ్చాడు. మైదానంలోకి రాలేదు, వెళ్ళిపోనూ లేదు. ఆయన చేతుల్లో చింతగింజలు ఇటునుంచి అటు మారుతున్నాయి.

ఆఖరి ఓవర్‌కు పటాన్‌చెరుకు ఐదు పరుగులు కావాలి. బంతికీ బంతికీ మధ్య నా చేయి దానంతటదే నోటి దగ్గరికి పోతోంది. ఆరో బంతి పడేసరికి వాళ్ళకు మూడు పరుగులే వచ్చాయి. మావాళ్ళు చేతులు పైకెత్తబోతున్నారు. దూరాన సాబ్ ఎడమచేయి మూసి నావైపు చూశాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు.

"అయిపాయె గదా," అన్నాడు దర్జీ అన్న.

నేను గుప్పిట విప్పి గర్వంగా చూపించాను. నాలుగు పల్లీలు. "గిదిగో సూడు. ఇంక రెండున్నయి."

దర్జీ అన్న వారం కింద ఒక అంపైర్‌ను పోగొట్టుకున్నవాడు, రెండో అంపైర్ మీద నోరు చేసుకోవడానికి జంకాడు. ఏడో బంతి ఊరికే పోయింది. ఎనిమిదో బంతిని ముత్తంగి మనిషి జొన్నచేనులోకి కొట్టాడు. పటాన్‌చెరు గెలిచింది.

ఇక చూడండి. ఊరంతా నా చుట్టూ మూగింది. "ఎనిమిది బంతులేసిన్రు" అని ఒకరు, "పటాన్‌చెరు బండ్లెక్కి పో" అని ఒకరు. ఎవరన్నారో తెలియదు గానీ వెనకనుంచి ఒక గొంతు వినబడింది: "కండ్లు గూట్ల పెట్టి మరిచొచ్చిండు." అందరూ నవ్వారు. అదే మాట, అదే నవ్వు. ఇదివరకు నేను దానికి అవతల ఉండేవాణ్ణి. ఇవతల నిలబడితే అది నవ్వులా వినబడదని నాకు ఆ రోజే తెలిసింది.

దర్జీ అన్న సుబేదార్ సాబ్ దగ్గరికి పరుగెత్తాడు, వెనకే మేమందరం. "సాబ్, నువ్వు లెక్కవెట్టినవు గదా. ఎన్ని బంతులో జెర చెప్పు."

సాబ్ గుప్పిట విప్పలేదు. "కోటు ఎవరి మీదున్నది?"

"వీని మీద."

"అయితే వాణ్నే అడుగు. నేను బయటోణ్ని."

అందరూ నావైపు తిరిగారు. అబద్ధం చెప్పడానికి నాకు ఎప్పుడూ ఇంతసేపు పట్టలేదు, నిజం చెప్పడానికి పట్టింది. "రెండు తిన్న," అన్నాను.

"ఏంది తిన్నవ్?"

"పల్లీలు. చేతులయి. పానం దడదడ అంటుంటె తెల్వకుంట తిన్న."

పటేల్ నవ్వు ఆపుకోలేక బండి చక్రం పట్టుకున్నాడు. దర్జీ అన్న మాత్రం, "అయితే ఆ రెండు బంతులు కొట్టెయ్యి సాబ్, ఆట మనదే," అన్నాడు.

"కొట్టెయ్యరాదు," అన్నాడు సాబ్. "అంపైర్ ఎన్ని లెక్కవెడితే ఓవర్ల అన్ని బంతులు. తప్పయినా సరే. కితాబుల గట్లనే రాసున్నది." తన ఊరి సామానును పటాన్‌చెరు బండి ఎక్కించింది ఆయన మాటే. పటేల్ బండి కదిలేముందు వంగి నాతో అన్నాడు, "తమ్మీ, నువ్వు అంపైరయితే మేము ఆదివారం ఆదివారం వస్తం."

మర్నాడు కోటు ఉతికించి, ఇస్త్రీ చేయించి, కచేరీ వరండాకు తీసుకెళ్ళాను. సాబ్ ఎవరికో భూమి అర్జీ రాస్తున్నాడు. అయ్యేదాకా నిలబడ్డాను. ఆయన తీసుకోకపోతే ఆ కోటును ఇంకెవరూ వేసుకోరని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

"సాబ్, ఆ మాట దర్జీ అన్నది గాదు. నాది."

"మాలూం. రోజూ వింటున్న గదా." కలం పక్కన పెట్టాడు. "నిలబడితే ఎట్లున్నది?"

"బంతి కనబడలే సాబ్. మనుషులే కనబడ్డరు."

"నాకు గూడ పయిలే సాల్, మొదటేడంత, గట్లనే," అన్నాడు సాబ్. కోటు అందుకుని జేబులో చెయ్యి పెట్టాడు. ఉతికినా పోని పల్లీ పొట్టు వేలికి అంటుకొచ్చింది. దాన్ని ఊది, తన జేబులోంచి ఆరు చింతగింజలు తీసి కోటు జేబులో వేశాడు. నా గుండెలోంచి బరువు దిగినట్టయింది. ఆ నెమ్మదిలోనే ఆయన ఇంకో మాట అన్నాడు. "మొన్న కలకత్తా ఆటల ఒకని కోసం అంపైర్‌ను చాయ్ చల్లారేదాంక తిట్టినవు. వానికి అంపైర్ వేలే లేపలే. తనంతట తనే ఔటని నడిచిపోయిండు. షరీఫ్ మనిషని రేడియోల మెచ్చుకుంటుండిరి."

ఫౌజులో ఇంగ్లీషు దొరల కింద పనిచేసిన మనిషికి ఇంగ్లీషు వచ్చి ఉంటుందని నాకు ఏనాడూ తట్టలేదు. మూడేళ్ళు ఆ కుర్చీలో కూర్చుని నా ప్రతి అబద్ధాన్నీ చాయ్‌తో పాటు మింగాడన్నమాట. నేలలోకి పోదామంటే వరండాకు బండలు పరిచి ఉన్నాయి.

ఇప్పుడు మా ఇంట్లో టీవీ ఒకే బంతిని నెమ్మదిగా నాలుగు సార్లు చూపిస్తుంది. నాలుగు సార్లు చూశాక మా మనవడు అంపైర్‌కు కళ్ళు లేవంటాడు. నేనేమీ అనను. వాడి వయసులో నాకు ఒక్కసారి కూడా చూడకుండానే తెలిసేది. చెయ్యి మాత్రం జేబులో పల్లీల కోసం వెతుక్కుంటుంది, ఆ వరండా గుర్తొస్తుంది, నాలో నేనే నవ్వుకుంటాను. ఆ రోజు తల దించుకునే అడిగాను.

"అన్నీ తెలిసి, ఒక్కసారన్న తప్పని చెప్పకపోతివేంది సాబ్?"

ఆయన అర్జీ కాగితం మళ్ళీ ముందుకు లాక్కుని, కలం సిరాలో ముంచుతూ అన్నాడు:

"రేడియో కాడ అంపైర్‌వి నువ్వు గదా, బేటా. నీ లెక్కకు నేనెట్ల అడ్డమొస్త?"