బిడ్డ మాయ నుంచి తీసిన పొర

1979 ఫిబ్రవరి 12, సోమవారం, ఉదయం ఆరు ఇరవైకి పరకాల వైపు నుంచి వచ్చిన కూలీ ఇంటి కోడలు మగబిడ్డను కన్నది. నేను ప్రసూతి వార్డు గుమ్మంలో మూత ఉన్న స్టీలు డబ్బా పట్టుకుని మాయ కోసం నిలబడి ఉన్నాను.

మాయకు అంటి ఉండే పల్చని పొర నుంచి కణాలను విడదీసి, సీసాల్లో పెంచి, వాటి మీద వైరస్‌లను పరీక్షించడం మా లాబొరేటరీ పని. ఏడాదిగా ఏదీ నిలవలేదు. బూజు పట్టేది, లేదా కరెంటు పోయేది. అసలు మాయ ఇచ్చేవాళ్లే తక్కువ. దాన్ని ఇంటికి తీసుకుపోయి పాతిపెట్టాలి. కుక్క ముట్టినా బిడ్డకు కీడంటారు.

బిడ్డ నాయనమ్మ నా డబ్బా చూసింది.

"మేం పాతిపెట్టుకోవాలె బిడ్డా. నీకెందుకది?"

"పైపొర చాలు అవ్వా. మిగతాదంతా ఇప్పుడే ఇచ్చేస్తా."

"పొరతోని ఏం జేస్తవ్, రుమాలు కుట్టుకుంటవా?"

మనవడు పుట్టిన సంతోషంలో నవ్వుతూ ఇచ్చింది.

ఆ కణాలు నాలుగు సీసాల్లోనూ అతుక్కున్నాయి. మైక్రోస్కోపులో చూస్తే షాబాదు బండలు పరిచినట్టుగా ఉన్నాయి.

మార్చి 5న నాయనమ్మ ఒక్కతే వచ్చింది. బిడ్డకు జ్వరమట, పిల్లల వార్డులో ఉన్నాడట, పాలు తాగడం లేదట. ఆ పొరను చూపించమంది. వెచ్చగా ఉంచే బీరువాలోంచి ఒక సీసా తీసి చూపించాను. లోపల కణాలను పెంచే గులాబీ రంగు ద్రవం.

"గీ షర్బతుల బతికున్నదా?"

"బతికే ఉంది."

"గందుకే పిలగాడు కుదుటపడ్తలేడు. సగం మట్టిల, సగం నీ బీరువల. ఇచ్చెయ్యి, నీ కాళ్లు మొక్కుత."

దీనికీ జ్వరానికీ సంబంధం లేదని రెండుసార్లు చెప్పాను. విన్నది, తల ఊపింది, చాపిన చేయి మాత్రం దించలేదు. మా సారు, "ఇవ్వకమ్మా, ఏడాది కష్టం" అన్నారు. ఆయన మాటా నిజమే. కానీ నేను ఇవ్వకుండా ఆ బిడ్డ పోతే, ఆమె బతికినన్నాళ్లూ ఆ తప్పు ఈ బీరువాదే అనుకుంటుంది. నాలుగు సీసాలూ ఇచ్చేశాను.

కొంగులో మూటకట్టుకుంటూ, "ఇంకేం దాసుకోలేదు గద?" అంది.

"లేదు అవ్వా."

ఆ సాయంత్రమే ఊరికి పోయి, మాయ ఉన్న చోటే పాతిపెట్టి వచ్చింది. ఎనిమిదో తేదీ తెల్లవారుజామున బిడ్డ పోయాడు.

నాయనమ్మ వార్డు మెట్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది.

"బస్సుల ఒక సీస కారింది బిడ్డా. కొంగంత తడిసింది. గా కారింది మట్టిల పడలే. నాదే తప్పు."

కాదని చెప్పాను. ఈసారి తల కూడా ఊపలేదు.

పోయినవి: ఒక బిడ్డ, ఇరవై నాలుగు రోజుల వాడు. నాలుగు సీసాల కణాలు. ఏడాది పని. బస్సులో కారిపోయింది అర సీసా.