మునగని బుర్ర

డ్యామ్ దగ్గర ఫైబర్ బోటు నడిపే కుర్రాడు దాని అంచు మీద చేత్తో కొట్టి చూపించాడు. "లోపలంతా ఫోమే అవ్వా, పగిలినా మునగదు. రా, ఎక్కు."

నాకు అరవై ఏళ్ల కిందటి ధర్మవరం బావి గుర్తొచ్చింది. అన్నకు ఈత నేర్పడానికి నాయన ఎండిన సొరకాయ బుర్రను వాడి వీపుకు కట్టాడు. పట్టుదారాన్ని మించిన తాడు లేదని మగ్గం నేసే మా నాయన నమ్మకం. దాన్నే పేటలుగా పేని బిగించాడు.

"ఏనుగును కట్టేసినా తెగదు, దూకబ్బా," అని, గట్టు మీద ఎవరో పలకరిస్తే అటు తిరిగాడు.

అన్న దూకాడు. కాసేపటికి బుర్ర ఒక్కటే పైకొచ్చింది. ఈత వచ్చిన పిల్లలు బుర్ర విప్పేసి మునుగీత కొట్టడం నేను రోజూ చూసేదాన్ని. చప్పట్లు కొడుతూ అరిచాను.

"నాయనా, అన్నకు ఈత వచ్చేసింది! బుర్ర ఇప్పేసినాడు, సూడు!"

నాయన నవ్వుతూనే ఇటు తిరిగాడు.

దారం ఎక్కడా తెగలేదు. తడిసిన పట్టు నున్నగా జారి, ముడి విడిపోయింది. అన్నను బయటికి తీసేసరికి పొద్దు వాలింది. అంతసేపూ బుర్ర నీళ్ల మీద తేలుతూనే ఉంది. దాన్ని తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు.

"నిజంగా మునగదవ్వా," అన్నాడు కుర్రాడు మళ్లీ.

మునగదని నాకూ తెలుసు. ఆ బుర్ర కూడా మునగలేదు.